ఎస్తేరుకు కుట్టిన పొడుగు చేతుల గౌను

పదమూడేళ్ల కింద ఒక చిన్నపిల్ల గురించి నేనొక మాట అన్నాను. ఆ రోజు నుంచి అది నా లోపలే ఉంది. చర్చిలో మోకరించినప్పుడు కూడా దాని చుట్టూ తిరిగాను గానీ దాన్ని బయటికి తీయలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

మాది కనకమామిడి. అజీజ్‌నగర్ వైపు పొలాలు ఒక్కొక్కటే ఫాంహౌస్‌లుగా మారుతున్న రోజులవి. మా ఊరి ఆడవాళ్లు చాలామంది వాటిల్లో వంటకు, తోటపనికి పోయేవాళ్లు. పొద్దున ఏడింటికి పిల్లల్ని నా దగ్గర దింపి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లేవాళ్లు. ముందరి గది, రేకుల వరండా, వెనక ఒక జామచెట్టు. ఎనిమిది మంది పిల్లలు, ఒక్కోసారి పది మంది.

నాకు కడుపున పిల్లలు పుట్టలేదు. కానీ ఆ ఇంట్లో ఏ మూల చూసినా పిల్లలే. మధ్యాహ్నం పెద్ద పళ్లెంలో పప్పన్నం కలిపి, వరసగా కూర్చోబెట్టి, నోట్లో ముద్దలు పెట్టేదాన్ని. మొదటి ముద్ద ఎవరికన్నది రోజూ కొట్లాటే. తిన్నాక ఒకరి కాలు ఇంకొకరి పొట్ట మీద వేసుకుని చాప నిండా పడుకునేవాళ్లు. బయట పొలంలో నెమలి అరిచిందంటే వాళ్లలో ఒకడు లేచి అచ్చం దానిలాగే అరిచేవాడు. ఇక అందరి నిద్రా పాడే. గులాబీ తోటల్లో పనిచేసే తల్లులు వచ్చేసరికి వాళ్ల కొంగుల్లో పూరేకులు ఉండేవి. పిల్లలు వాటిని ఏరుకుని తినేవాళ్లు. ఇప్పటికీ ఎక్కడైనా గులాబీ వాసన తగిలితే నాకు ఆ చిన్న నోళ్లే కనిపిస్తాయి.

నిజానికి నేను పెంచిన మొదటి బిడ్డ మా తమ్ముడు దాసు. అమ్మ పోయేనాటికి వాడికి మూడేళ్లు, నాకు పన్నెండు. బడి మానేసి వాడిని సాకాను. జ్వరమొస్తే వాడు నా మెడ చుట్టూ చేతులు వేసి, దింపితే ఏడ్చేవాడు. పెద్దయ్యాక ఒక ఫాంహౌస్‌లో తోటమాలిగా కుదిరాడు. అక్కడే వంట చేసే సుజాతకు భర్త చనిపోయాడు, ఐదేళ్ల కూతురు ఉంది. పెళ్లి మాట ఎత్తింది నేనే. మా చర్చిలోనే పెళ్లయింది. ఆ కూతురే ఎస్తేరు.

పెళ్లయిన వారానికి ఎస్తేరు నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. నన్ను అత్తమ్మా అని, దాసును బాపు అని పిలిచేది. సండే స్కూల్ పాటల్లో తెలియని మాట వస్తే దాని బదులు కూరగాయల పేర్లు పెట్టి పాడేది. నేను బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని, దొరికిన రాళ్లన్నీ దాచుకునేది. అందరూ నాకు సమానమే అని చెప్పేదాన్ని. కానీ సాయంత్రం ఆ పిల్ల వెళ్లిపోతే ఇల్లు చిన్నబోయేది.

కొన్ని నెలలకు పాటలు ఆగిపోయాయి. దాసు బండి చప్పుడు వినిపిస్తే బియ్యం డబ్బా వెనక్కి పోయి కూర్చునేది. ఒకరోజు స్నానం చేయిస్తుంటే భుజం కింద, చేతి మీద నాలుగు నల్లటి మచ్చలు చూశాను. వేళ్ల గుర్తులు. ఎవరు కొట్టారని అడిగాను. తడి చేత్తో మచ్చలు కప్పుకుంది. చివరికి, "బాపు కొట్టిండు. చెప్తే అమ్మను గూడ కొడ్తడంట" అన్నది.

నేనేం చేశాను? కొబ్బరినూనె రాశాను. ఆ సాయంత్రమే దాసును పక్కకు పిలిచి తిట్టాను. వాడు తల దించుకుని, ఇంకెప్పుడూ చెయ్యనని నా చేతిలో చెయ్యి వేశాడు. నమ్మాను. నమ్మానా? నమ్మితే మర్నాడు కూర్చుని ఆ పిల్లకు పొడుగు చేతుల గౌను ఎందుకు కుట్టాను? చలికాలం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నీలం గుడ్డ మీద తెల్ల పూలు. ఎస్తేరు అది వేసుకుని వరండా అంతా గిరగిరా తిరిగింది. ఇన్నేళ్లలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది అదే. ఆ పిల్ల ఆ గౌను చూసి సంతోషపడింది.

అంగన్‌వాడీ టీచరమ్మ మా ఊరి మనిషే. నెలకోసారి పిల్లల బరువు చూసేది. గౌను విప్పి బరువు తూచినప్పుడు మచ్చలు ఆమె కంట పడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. పిల్లలు పడుకున్నారనుకున్నాను.

"అక్కా, ఎస్తేరు చేతికి ఆ మచ్చలేంది? అడిగితే బాపు కొట్టిండంటున్నది" అన్నది.

"జామచెట్టెక్కి పడ్డది టీచరమ్మా."

"చెట్టు మీదికెల్లి పడితే గట్ల అయితదా? నువ్వు పొద్దుమాపు చూస్తవ్. ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వొక్క మాట అంటే నేను పైకి రాసి పంపుత. ఆఫీసోళ్లొచ్చి చూసుకుంటరు."

నేను వెంటనే చెప్పాను. కొంచెం కూడా తడుముకోలేదు. "ఆ పిల్లకు అబద్ధాలు చెప్పుడు అలవాటు టీచరమ్మా. కొత్త తండ్రి కదా, సైస్తలేదు. జర రోజులైతే అదే సర్దుకుంటది. నువ్వు ఫికర్ చెయ్యకు."

టీచరమ్మ నా మొహంలోకి చూసింది. పిల్లల విషయంలో ఊళ్లో నా మాటకు ఎదురు లేదు. సరే అక్కా అని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగితే గది తలుపు దగ్గర ఎస్తేరు నిలబడి ఉంది. అంతా విన్నది. ఏడవలేదు. వెళ్లి చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత మచ్చల గురించి నాకు మళ్లీ ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

రెండు నెలలకు ఆ పిల్ల చెయ్యి విరిగింది. సుజాత చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్లి, డాక్టరు అడిగితే ఉన్నదంతా చెప్పేసింది. నేను చెప్పలేనిది, దెబ్బలు తింటూ కూడా ఆమె చెప్పింది. కేసయింది. పోలీసులు నన్నూ అడిగారు. నాకేం తెలియదన్నాను. సుజాత కూతురిని తీసుకుని మోకిల వైపు వెళ్లిపోయింది. దాసు జైలుకు పోయి వచ్చాడు. వచ్చిన రోజు మొదట నా ఇంటికే వచ్చాడు. అన్నం పెట్టాను. ఇప్పుడెక్కడో దూరంగా పని చేసుకుంటున్నాడు. ఫోన్ చేస్తాడు. ఆ సంగతి వాడు ఎత్తడు, నేనూ ఎత్తను. టీచరమ్మ మాత్రం ఒక్కసారి మా గుమ్మం దగ్గర నిలబడి, నీ మాట నమ్మిన అక్కా అన్నది. లోపలికి రమ్మంటే రాలేదు.

ఇంకో రెండేళ్లు పిల్లల్ని చూశాను. తల్లులు నన్ను మెచ్చుకున్న ప్రతిసారీ ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేదాన్ని. తర్వాత మానేశాను. నడుం నొప్పి అని చెప్పాను.

మొన్న చేవెళ్లలో ఒక బట్టల దుకాణంలో ఎవరో వదినా అని పిలిచారు. సుజాత. పక్కన పొడుగ్గా ఎదిగిన ఎస్తేరు. ఏదో కాలేజీ బ్యాగు భుజాన ఉంది. సుజాత నా చేతులు పట్టుకుంది. "నీ దగ్గరున్న పొద్దే అది జర నవ్వుకుంట ఉండె వదినా. గది నేనెన్నడు మరువ" అన్నది. ఆమెకు తెలియదు. అంటే ఎస్తేరు ఇన్నేళ్లూ తల్లికి చెప్పలేదు.

సుజాత డబ్బులు కట్టడానికి వెళ్లింది. ఎస్తేరు నా దగ్గరే నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది. "అత్తమ్మా, ఆ రోజు టీచరమ్మకు ఎందుకట్ల చెప్పినవ్?"

కోపం లేదు ఆ గొంతులో. కోపమున్నా బాగుండేది. అంతలో సుజాత వచ్చేసింది. ఇద్దరూ బస్సుకు వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించాను. సుజాత కాపురం చెడిపోకూడదని చెప్పానా? చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. అది నిజం కాదు. నేను ఎత్తుకుని పెంచిన వాడు జైలుకు పోతాడని భయపడ్డాను. నేనే కుదిర్చిన పెళ్లి అని ఊరు నన్ను అంటుందని భయపడ్డాను. పిల్లల్ని బాగా చూస్తుందన్న నా పేరు పోతుందని భయపడ్డాను. వీటన్నిటి ముందు ఐదేళ్ల పిల్ల మాట నాకు తేలికగా కనిపించింది. ఎందుకని అడిగావు కదా ఎస్తేరూ, ఇందుకే.

ఇది సుజాతకూ చెప్పాలి. టీచరమ్మకూ చెప్పాలి. వాళ్లు నన్ను క్షమించాలని అడగను. ముందు మీకు చెబుతున్నాను, నోరు తిరగడం కోసం.

ఎస్తేరు అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను.

ఈ మాట రాయడం నాకు ఇదే మొదటిసారి. రాసి, పైకి చదువుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. ఇంకోసారి, కాస్త గట్టిగా చదివాను.