గంజి మీద వేసిన నింద

తొందర నా గుణం. అన్నం చల్లారేదాకా ఆగను, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగను. పుట్టుకతో వచ్చింది, నేనేం చేసేదని చాలాకాలం దాని వెనక దాక్కున్నాను. అక్కడినుంచి నన్ను బయటికి లాగింది మా వదిన. డెబ్బైల చివర్లో, ఎమ్మిగనూరులో మేం మగ్గం నేసే రోజులవి.

పొద్దున్నే మగ్గానికి నిలువుగా ఎక్కించే పడుగు దారాలను వీధి పొడవునా లాగి కట్టి గంజి పట్టించేవాళ్లం. తడి ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. గంజి కాచేది వదిన. చిక్కదనం సరిపోయిందో లేదో చూడమని వేరే ఇళ్లవాళ్లు కూడా ఆమెనే పిలుచుకుపోయేవాళ్లు. గంజి కాచడంలో తనకొచ్చిన ఆ మంచిపేరంటే ఆమెకు ఎంతో ఇష్టం.

ఆ రోజు వీధికి ఆ కొసన అన్న, ఈ కొసన నేను దువ్వుతున్నాం. ఆదోనిలో సినిమాకు పోదామని బస్టాండులో స్నేహితుడు కాచుకుని ఉన్నాడు. అన్న అటు తిరిగి ఉన్నప్పుడు, ఒక్క మాట చెప్పి వద్దామని కుంచె పెట్టేసి పోయాను. వచ్చేసరికి నా వైపు దారాలు పుల్లల్లా బిగుసుకున్నాయి. అంతలో అన్న వచ్చాడు.

"ఏమైందిరా ఇది?"

"గంజి సిక్కగైందన్నా" అనేశాను.

ఎదురింటి పెద్దాయన గడపలో ఉన్న వదినను చూసి నవ్వాడు. "ఏమ్మా, పడుగుకు గంజి కాసినావా, పెండ్లికి పాయసం కాసినావా?"

వీధంతా నవ్వింది. "ఇంగ నువ్వు గంజి జోలికి రావద్దు. రేపట్నించి పక్కింటామె కాస్తాది" అన్నాడు అన్న.

వదిన తడిగుడ్డతో అద్ది, దారాలను వేళ్లతో విడదీయడానికి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి గమనించాను: అన్న దువ్విన వైపు ఒక్క పోగూ అంటుకోలేదు. రెండు వైపులా పూసింది ఒకే కుండలోని గంజి. నాకు అప్పుడు కనిపించింది ఆమెకు పొద్దున్నే కనిపించి ఉంటుంది.

"సెప్పొచ్చు గదా వదినా" అన్నాను మెల్లగా.

"నేనేంటికి సెప్పల్ల? నోరు నీకు లేదా?"

మర్నాడు పక్కింటామె గంజి కుండ తెచ్చింది. వదిన గడపలో నిలబడి చూస్తోంది. నేను వీధిలో అందరికీ వినబడేట్టు అన్నాను.

"అన్నా, నిన్న గంజి బాగానే ఉండె. నేనే కుంచె పెట్టేసి బస్టాండుకు పోయినా."

అన్న చెయ్యెత్తాడు. వదిన అడ్డం వచ్చింది.

"సెయ్యి దించు. తొందర వీనికి పుట్టినప్పట్నించీ ఉంది, అది పోదు. అబద్దం నిన్ననే నేర్సినాడు, ఈ పొద్దు వాడే మానుకున్యాడు. సాల్లే."

అన్న చెయ్యి దించాడు. తరవాత, "రేపట్నించి నువ్వే కాయి" అన్నాడు ఆమెతో.

ఎనభైల్లో కూడా నా తొందర తగ్గలేదు. ఎన్నో పనులు చెడగొట్టాను. కానీ చెడగొట్టింది నేనేనని చెప్పడం అలవాటైంది. ఆ మాట నా అంతట నేను చెప్పేదాకా ఒక పగలూ రాత్రీ నింద మోసి ఓపిక పట్టింది వదిన. నేను చెప్పగలనని నాకంటే ముందు నమ్మిందామె. అందుకు ఇప్పటికీ మనసులో ఆమెకు చేతులు జోడిస్తాను.