మగపెళ్లోళ్ల సోఫా, నా ఫ్లాప్ కార్డు

పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిది, ఎండకాలం. వరంగల్‌ల ఒక బట్టల దుకాణం సేటు బిడ్డ పెండ్లి. పొద్దుమీకి బువ్వలకు ముందు చుట్టాలకు కాలక్షేపం కావాలని మ్యాజిక్ షో పెట్టిచ్చిండ్రు. ఆ షో చేయాల్సింది నేను. ఆడిది పేక పత్తాలు పట్టుకొని స్టేజి ఎక్కుడు అప్పటిదాంక మా దిక్కు ఎవ్వలు చూడలే. చూడకపోతె ఇప్పుడు చూస్తరు, నాకేంది?

అసలైతె మ్యాజిక్ మా ఆయన సాంబయ్యది. బడులల్ల, పెండ్లిళ్లల్ల ఆయన్నే పిలిచేటోళ్లు. ఆయన ఆడిచ్చే పత్తాలు ఇంట్ల కూసోని తయారు చేసేది మాత్రం నేనే. పక్షవాతమొచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయినంక షోలు బందైనయ్. "సామాను పెట్టె అమ్మేద్దాం సరోజా" అన్నడు. "ఎందుకు అమ్ముడు? నేనెక్కుత" అన్న. నవ్విండు. ఆ నవ్వుకు నాకు ఇంకింత పంతం లేసింది. చలికాలమంత అద్దం ముందట నిలబడి నేర్చుకున్న.

నాకు బాగ చెయ్యి కుదిరింది ఫ్లాప్ కార్డు. చూపులకు మామూలు పత్తానే. కని దాని ముఖం మీద, నడిమిట్ల అతికిచ్చిన సన్నటి రెప్ప ఒకటి ఉంటది, సగం పత్తంత. రెప్ప కిందికుంటె ఇస్పేటు రాణి, మీదికి లేస్తె ఆటీను ఆసు. పత్తాలను నీళ్లల్ల నానబెట్టి పొరలు ఇడదియ్యాలె, మైదా గంజితోటి అతకాలె, బరువు కింద పెట్టి ఆరనియ్యాలె. మడత కాడికి కాశిబుగ్గల నేతపని చేసే అక్క ఇచ్చిన పట్టుపోగు వాడేదాన్ని. రెప్ప టక్కున లేవడానికి పాత సాక్సు మూతికాడి రబ్బరు దారం. గుడ్డ కప్పుడు, పెట్టెల దాసుడు ఏం ఉండదు. కండ్ల ముందట్నే పత్తా మారిపోతది. దీన్నే మా పనిల విజువల్ మ్యాజిక్ అంటరు.

తిప్పలంత యాంగిల్ తోటి. యాంగిల్ అంటె చూసేటోళ్లు కూసునే దిక్కు. ఎదురుంగ ఉన్నోళ్లకు ఏం ఎరుకపడదు, పక్కకున్నోళ్లకు రెప్ప అంచు కనబడ్తది.

ఆ పెండ్లిల నేను పోయేసరికే స్టేజికి పక్కపొంటి, ఫ్యాను కింద, ఒక పెద్ద సోఫా ఏసి పెట్టిండ్రు. దాని నిండ మగపెళ్లోళ్లు. నేను పిల్ల తండ్రిని పక్కకు పిలిచి, "అన్నా, ఆ సోఫా జర ముందటికి ఏపిచ్చరాదె" అన్న.

ఆయన గుండె మీద చెయ్యేసుకున్నడు. "వామ్మో, మగపెళ్లోళ్లను లేవమంటనా చెల్లె? ఇంకేమన్న ఉన్నదా? అలిగి పోతరు. నీ ఆటనే జర అటు తిప్పుకో!"

అటు తిప్పితె ఇటు జనానికి కనబడ్తది. ఆయనకు చెప్పినా ఎక్కదు. ఉన్న జాగల్నే మొదలు పెట్టిన.

ఆ సోఫా మీద పెండ్లికొడుకు మేనమామ ఉన్నడు. రమ్మీల చెయ్యి తిరిగినోడు, ఆ రోజు విడిదిల గూడ పొద్దంత పత్తాలే ఆడిండట. నేను రాణిని ఆసు చేసిన. జనం చప్పట్లు కొట్టిండ్రు. ఈయన మాత్రం దిగ్గున లేసిండు.

"ఆగుండ్రి! గది చేసిన పత్తా! దానికి రెప్ప ఉన్నది, నేను చూసిన. మోసం! ఏమ్మా, ఇటు తే, అందరికి చూపెడుత!"

జనమంత నా దిక్కు తిరిగిండ్రు. పిల్ల తండ్రి ఉరికొచ్చిండు. "చెల్లె, నీకు దండం పెడుత. ఇస్తె ఇయ్యి, లేకుంటె సర్దుకొని పో. ఆయన అలిగితె రేపు నా బిడ్డకు మాటలొస్తయ్."

సర్దుకొని పోతె తెల్లారేసరికి బజారంత సాంబయ్య పెండ్లాం మోసకత్తె అంటరు. మల్ల నన్ను ఏ స్టేజీ ఎక్కనియ్యరు, ఇంట్ల పొయ్యి వెలగదు. పత్తా ఇద్దామంటె, చేసిన పత్తా చూసేటోళ్ల చేతికి పోనియ్యమని గురువు ముందట ఒట్టు పెట్టి నేర్చుకునే విద్య ఇది. మా ఆయన స్టేజి కింద కుర్చీల కూసోని తల అడ్డంగ ఊపుతాండు. "ఇయ్యకు. సర్దు, పోదాం" అంటాండు.

ఏం తప్పు చేసిన్నని సర్దుకోవాలె? స్టేజి దిగి సీదా ఆ సోఫా కాడికి పోయిన.

"పెద్దమనిషీ, మోసమంటె పక్కోని చేతిల పత్తాలు దొంగచూపు చూసుడు. నేను ఎవ్వలతోని పందెం కాయలే, ఆట చూపెడుతాన. అవును, ఇది చేసిన పత్తానే. చేసింది గూడ నేనే. ఇగో పట్టు. ఇగ నువ్వు మార్చు!"

ఆయన ఇది అనుకోలే. పత్తా గుంజుకొని రెప్ప లేపి, దించి, చుట్టు తిప్పి చూపెట్టిండు. "చూసిండ్రా?"

"చూసిండ్రు. ఇప్పుడు మార్చు."

ఊపిండు. రెప్ప సగంల నిలబడ్డది. మల్ల ఊపితె ఏళ్ల సందుల నుంచి బయటికొచ్చింది. ఆడపిల్లలు కిసకిస నవ్విండ్రు. పెండ్లికొడుకే "లేపు మామా, లేపు!" అని ఎక్కిరిచ్చిండు. మేనమామ మొఖం ఎర్రగైంది. పత్తా నా చేతిల పెట్టి, "సరే, గుట్టు తెలిసిపాయె. ఇగ నువ్వేం చేస్తవో చెయ్యి, చూస్త" అన్నడు.

ఇగ యాంగిల్ లేదు గీంగిల్ లేదు, చుట్టు జనమే. రాణిని అందరికి చూపెట్టి, తొందర పడకుంట చెయ్యి మీదికి తీస్కపోయి, రెప్ప అంచు మీద బొటనేలు ఆనిచ్చి, చిన్నగ కదిలిచ్చిన. ఆసు.

అప్పుడు పెండ్లికొడుకు నాయనమ్మ కండ్లు నులుముకొని, "అబ్బ! మల్లొక్కసారి చెయ్యి బిడ్డా, ఆ రెప్ప యాడ పోయిందో పట్టుకుంట" అన్నది. మల్ల చేసిన. ముసలామె పట్టుకోలే. మేనమామ మోకాళ్ల మీద చేతులు పెట్టి ముందుకు ఒంగి చూస్తాండు, ఆయన గూడ పట్టుకోలే. పందిరి లేసిపోయేటట్టు చప్పట్లు కొట్టిండ్రు.

రిక్షాల మా ఆయన మూతి ముడుసుకొని కూసున్నడు. "ఒట్టు తప్పినవ్" అన్నడు ఆఖరికి.

"ఒట్టు పెట్టింది నువ్వు. ఆడోళ్లకు విద్య చెప్పనన్నడు గద మీ గురువు. చెప్పనప్పుడు నా ఒట్టు ఏడిది?"

ఇల్లు దగ్గరికొచ్చినంక మెల్లగ అడిగిండు: "ఆ సోఫా కాడ రెప్ప ఎట్ల లేపినవే? నాకు గూడ కనబడలే."

మ్యాజిక్ చేసే తోటోళ్లు మాత్రం గుట్టు రచ్చకెక్కిచ్చిందని మాతోని మాట్లాడుడు బంద్ పెట్టిండ్రు. పెడితె పెట్టిండ్రు. ఆ తర్వాత ఏ షోల ఎవ్వడు "మోసం" అని లేసినా పత్తా వాని చేతికే ఇచ్చిన. ఆ పెండ్లిల నాకు తెలిసొచ్చింది ఇదే: గుట్టు తెల్వకముందు కొట్టిన చప్పట్లు పత్తాకు పోతయ్, తెలిసినంక కొట్టినయి నాయి. వాటిని నేను ఏ గురువుకూ అప్పజెప్ప.