రిస్పా తోమిన గిన్నెలు

కెన్యాలోని అహేరోలో వరి పండించే ఆడవాళ్ల సంఘం ఏటా కోతలయ్యాక ఒక అనాథాశ్రమాన్ని ఎంచుకుని, దానికి ఏడాది బియ్యం ఇస్తుంది. ఎవరికివ్వాలో తేల్చేది రిస్పా. ఇరవై ఏళ్లు బడి వంటగదిలో పనిచేసిన మనిషి. ఆశ్రమంలో పిల్లల చేత పాటలు పాడిస్తే సంఘంలో మిగతావాళ్లు కళ్లొత్తుకునేవారు. రిస్పా మాత్రం నేరుగా పెరట్లోకెళ్లి ఎంగిలి గిన్నెల ముందు కూర్చునేది.

"పాటలు ఎవరైనా నేర్పిస్తారే. ఎంతమంది తిన్నారో కంచాలు తోమితే తెలుస్తుంది" అనేది. అలా తోమే ఒకసారి ఒక ఆశ్రమం చెప్పిన దొంగ లెక్క పట్టుకుంది. అప్పట్నుంచి ఆమె మాటకు తిరుగులేదు. ఆమెకూ తన మీద అనుమానమన్నది లేదు.

ఒక ఏడు, సముద్రతీరాన ఉన్న మొంబాసా నుంచి వచ్చి స్థిరపడ్డ మ్వానాషా తన ఆశ్రమానికి బియ్యం అడిగింది. తన దగ్గర నలభై మంది పిల్లలున్నారంది. రిస్పా వెళ్లేసరికి భోజనాలైపోయి పిల్లలు బడికి పోయారు. పెరట్లో ఏడు పెద్ద పళ్లేలు, మూడు కంచాలు ఉన్నాయి. తోమి బోర్లించి, మారు మాట్లాడకుండా వచ్చేసింది.

"నలభై మందట! మూడు కంచాలతో నలభై మంది ఏం తింటారే, గాలి భోంచేస్తారా?" అంది సంఘంలో.

"ఇంకోసారి చూసొద్దామక్కా" అంది సంఘంలోని డోర్కా.

"ఏం, నా కళ్లకేమైనా పొరలొచ్చాయా?"

బియ్యం వేరే ఆశ్రమానికి వెళ్లిపోయాయి.

ఐదు నెలలకు దగ్గర్లోని కిసుము పట్నంలో ఒక ముస్లింల ఇంటి పెళ్లికి వెళ్లింది రిస్పా. చాప మీద పెద్ద పళ్లెం నిండా పలావు పెట్టారు. ఆరుగురు చుట్టూ కూర్చుని అందులోంచే తినసాగారు.

"రా అక్కా, మా సముద్రం వైపు ఇంతే. విడివిడిగా తింటే మాకు తిన్నట్టే ఉండదు" అంది పెళ్లికూతురి తల్లి.

రిస్పాకు మ్వానాషా పెరట్లో తను తోమిన ఏడు పళ్లేలు గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడే బియ్యం బస్తాతో మ్వానాషా ఇంటికి వెళ్లింది. భోజనాల వేళ. నాలుగు పళ్లేల చుట్టూ పిల్లలు తింటున్నారు.

"మిగతా పిల్లలేరమ్మా?"

"పెట్టలేకపోయానక్కా. పదహారు మందిని వాళ్ల చుట్టాలిళ్లకు పంపేశాను."

రిస్పా తను చేసిందంతా దాచకుండా చెప్పింది. మ్వానాషా కేకలేయలేదు.

"ఆ రోజు నేను పొయ్యి దగ్గరే ఉన్నాను కదా. ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్నిగా" అంది.

రిస్పా ఆ పిల్లలున్న ఊళ్ల పేర్లు అడిగి తెలుసుకుంది. వాళ్లను వెనక్కి తేవడానికి డోర్కాను వెంటబెట్టుకుని రెండు నెలలు తిరిగింది. పదహారు మందిలో పదకొండు మందే దొరికారు.