ఓబయ్య ఆగమన్న ఆట

ఆత్మకూరు బస్టాండు ఎదుట వీడియో గేముల కొట్టు నడిపే ఓబయ్యను అడక్కుండా జపాన్ వాళ్లు కొత్త ఆట విడుదల చేయరు. ఆయన క్యాసెట్టును నోటితో ఊది, పంచె చెంగుతో తుడిచి, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు మిషన్‌లో పెడతాడు. మధ్యాహ్నం భార్య రెబెకమ్మ అన్నం క్యారియర్ తెచ్చి, ఆయన తినేలోపల విమానాల ఆట ఆడేది. ఆ వేసవిలో ఆమె ఆఖరి విమానాన్ని కూడా కూల్చేసింది. అప్పుడే నెల్లూరుకు ఆ ఆట రెండో భాగం క్యాసెట్టు వచ్చింది.

"తెచ్చీయయ్యా," అని అడిగింది.

"క్రిస్మస్‌కి సీడీల మిషన్ వస్తా ఉండాది. ఇదే ఆట దాంట్లో ఇంకా బాగుంటాదంట. ఇప్పుడు పాత మిషన్‌కి ఎవరన్నా కొంటారా? ఆగు మే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది," అని నవ్వి ఆమె ఆగింది. నవంబరులో జ్వరమొచ్చి వారానికే కన్నుమూసింది.

క్రిస్మస్‌కి మిషన్ వచ్చింది. ఓబయ్య అలవాటు కొద్దీ ఆ రెండో భాగం సీడీని కూడా ఊది పెట్టాడు. తెర మీద మబ్బులు నిజం మబ్బుల్లా కదిలాయి. ఆయన ఆట ఆడే రిమోట్‌ను ఖాళీ కుర్చీలో పెట్టి, అన్నం ముందు కూర్చున్నాడు.

"నీ లెక్కే నిజమైంది గదా తాతా. బొమ్మ ఎంత బాగుండాదో చూడు," అని మనవరాలు ఏంజెలిన్ ఆయన్ను నవ్వించబోయింది.

"అప్పుడే ఆ క్యాసెట్టు కొనుంటే మీ అవ్వ ఆడుండేది గదే. ఆపెయ్ దాన్ని."