ఒక్క అంగుళం చూసి తీర్పు చెప్పిన నేను

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరట మీకు వందనాలు. నా పేరు మల్లేశం. మాది కరీంనగర్ వైపు, ఇరవై ఆరేళ్లుగా సూరత్‌లో, బమ్రోలిలో ఉంటున్నాం. దేవుడు కొందరిని తాగుడు నుంచి విడిపించాడు, కొందరిని మంచం మీది నుంచి లేపాడు, నన్ను విడిపించింది మాత్రం అనుమానం నుంచి. అదీ ఒక రోగమేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను చదివింది ఐదో తరగతి. లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండానే మగ్గాల పక్కన నిలబడి నేర్చుకున్నాను. జోల్వాలో నేను పనిచేసే కార్ఖానాలో కొత్త డిజైను మగ్గం దిగగానే రెండంగుళాల మచ్చు ముక్క కత్తిరించి నా చేతికిస్తారు. చిన్న భూతద్దం పెట్టి, అంగుళానికి నిలువు పడుగు దారాలెన్ని, అడ్డం పేక దారాలెన్ని అని లెక్కపెడతాను. ఆ ఒక్క అంగుళం చూసి వంద మీటర్ల బట్ట మంచిదో కాదో చెప్పేస్తాను. పదకొండేళ్లలో నా లెక్క ఒక్కసారీ తప్పలేదు, ఆ గర్వంతోనే మనుషులను కూడా అలాగే చూడసాగాను, భార్య కూరగాయలకు వెళ్లి పది నిమిషాలు ఆలస్యమైతే ఎందుకని, పక్కింటాయన ఈరోజు ఎక్కువ నవ్వితే ఎందుకని. "అన్నంల మెతుకులు గూడ లెక్కవెట్టుకోని తిను, ఒక్కటి తక్కువైతే నన్నడుగు" అనేది నా భార్య.

మా ఒక్కగానొక్క కూతురు కరుణ ఫ్యాషన్ డిజైన్ చదువుతోంది, రెండో ఏడు. మొదట్లో గీసిన ప్రతి బొమ్మా నాకు తెచ్చి చూపించేది. మొదట కుట్టిన లంగా ఒక పక్కకు జారింది, ఆ తర్వాత గోనెసంచితో కుట్టిన కోటు భుజాల మీద చక్కగా కూర్చుంది, ఉల్లిపొట్టు ఉడకబెట్టి రంగు కూడా వేసింది. బిడ్డ చేయి తిరుగుతోందని నేను గమనించలేదు. ఈ పువ్వుకు ఎడమవైపు ఏడు రేకులుంటే కుడివైపు ఎనిమిది ఎందుకున్నాయని అడిగాను. అలా అడగ్గా అడగ్గా చూపించడం మానేసింది. చూపించడం మానేసింది కాబట్టి ఏదో దాస్తోందని అనుమానపడ్డాను!

అప్పుడే కార్ఖానాలో ఒక సంగతి జరిగింది. మా సరుకు బయటికి రాకముందే మా డిజైను సలాబత్‌పురా బట్టల బజారులో ఒక దుకాణంలో వేలాడింది. యజమాని సేఠ్ అందరినీ పిలిచి, ఇది లోపలి మనిషి పనేనని, దొరికిన రోజు ఆ మనిషి గేటు బయట ఉంటాడని హిందీలో చెప్పాడు. ఆ డిజైనును ముందుగా చూసేది నలుగురం. నన్ను తీసేస్తే ముగ్గురు. ఆ ముగ్గురినీ రోజూ కళ్లతో కొలిచేవాణ్ణి. మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థించాను: "ప్రభువా, నీకు తెలియనిది లేదు, ఆ దొంగను నా కళ్లకు చూపించు."

ఒకరోజు ఆ సలాబత్‌పురా సందులోంచి కాగితం పొట్లంతో కరుణ బయటికి రావడం చూశాను. కాలేజీ ప్రాజెక్టుకు లోపలివైపు వేసే అస్తరు బట్ట కొనడానికి వచ్చానంది. నేను నమ్మలేదు.

ఆ ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చాం. కరుణ నీళ్లకు వెళ్లింది. కిటికీ పక్కన వార్తాపత్రికలో చుట్టిన పెద్ద మూట, అందులోంచి వేలెడంత అంచు బయటికి కనబడింది. భూతద్దం ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. పెట్టి చూశాను. పడుగు ఎనభై నాలుగు, పేక డెబ్బై రెండు, ప్రతి పన్నెండో దారం జరీ. ఇంకా బయటికి రాని మా కొత్త డిజైను! అది బయట కనబడితే నా పని పోతుంది, చెప్పకుండా ఊరుకుంటే నేనూ దొంగనే.

ఆమె బిందెతో లోపలికి రాగానే అడిగాను.

"ఇది ఏడికెల్లి వచ్చింది?"

"మొత్తం ఇప్పి సూడు బాపూ."

"నాకు ఒక్క ఇంచు సాలు. రేపు పొద్దుగాల సేఠ్ ముందర పెడ్త. నీ సదువు బంద్."

మంగళవారం కాలేజీలో చూపించాల్సిన ప్రాజెక్టు ఆ మూటలోనే ఉందని, అది లేకపోతే ఆ ఏడాదంతా పోతుందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆమె బిందె దించి, నెమ్మదిగా అంది:

"ఒక్క ఇంచే సూస్తవు. గందుకే నీకు ఎవ్వలు పూరాగ కనవడరు."

మూట విప్పి నేల మీద పరిచింది. పొడవాటి కోటు. రెండంగుళాల ముక్కలు, వందల ముక్కలు, రంగు పక్కన రంగు చేర్చి కుట్టిన కోటు. ఒక మూల తిప్పి చూపించింది. ప్రతి ముక్క వెనకా బాల్‌పెన్నుతో రాసిన అంకెలున్నాయి. ఆ రాత నాది.

సహోదరులారా, లెక్క అయ్యాక మచ్చు ముక్కను ఆఫీసులో తిరిగి ఇచ్చేయాలి, అది మా కార్ఖానా నియమం. నేను ఇవ్వలేదు. కొత్త డిజైను వచ్చినప్పుడల్లా ఒక ముక్క జేబులో వేసుకుని, ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాను. రెండంగుళాలు దొంగతనమేమిటి అనుకున్నాను, అందుకే ఆ అంచు చూసినప్పుడు కూడా నా డబ్బా గుర్తుకు రాలేదు. ఇంటివాళ్లు చేసే పనిని తొడుక్కునే బట్టగా కుట్టి చూపమని టీచర్ చెబితే, నా బిడ్డ ఆ డబ్బా తెరిచింది. బాపు ప్రేమగా దాచుకున్నవి అనుకుంది పాపం, నియమం సంగతి ఆమెకేం తెలుసు? ఇంకో మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. సలాబత్‌పురాలో వేలాడిన ఆ డిజైను ముక్కను అంతకుముందే టీ కొట్టు బల్ల మీద పెట్టి, పదిమంది ముందు గొప్పగా లెక్కపెట్టి చూపింది నేనే. అది ఎవరి చేతిమీదుగా పోయిందో ఈనాటికీ తెలియదు. ఆ ముగ్గురిని మాత్రం నేను మళ్లీ కొలవలేదు.

అక్కడే మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, దొంగను చూపించమన్నాను, చూపించావు. ఇప్పుడు సేఠ్ ముందర నిలబడే బలం ఇయ్యి."

సోమవారం అంతా చెప్పేశాను. సేఠ్ నన్ను తీసేయలేదు, నమ్మనూ లేదు. ఇంకా బయటికి రాని ఆ కొత్త డిజైను ముక్కను ఒక్కదాన్ని తెచ్చివ్వమన్నాడు. ఇప్పుడు నేను లెక్కపెట్టగానే ముక్కను ఇంకొకాయన తీసుకుపోతాడు. అది న్యాయమే.

ఆ సాయంత్రం కరుణ బ్లేడుతో కుట్లు విప్పి, ఆ చోట తెల్లటి మామూలు బట్ట కుట్టింది. మంగళవారం నేనూ వెళ్లాను. ఈ ఒక్క గడి ఖాళీగా ఎందుకుందని టీచర్ అడిగింది. నా బిడ్డ హిందీలో చెప్పింది, అది మా బాపు వాపసు ఇచ్చిన ముక్క అని. నేను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ కోటులో ఆరు వందల పన్నెండు ముక్కలున్నాయి. నేను దారాలు లెక్కపెట్టనిది ఆ తెల్లటి ముక్క ఒక్కటే.

మీలో ఎవరైనా ఇంటివాళ్లను నాలాగే అంగుళం అంగుళంగా చూస్తున్నారేమో, రండి, మన తల వెంట్రుకల లెక్క తెలిసిన దేవుని ముందు ముందుగా మీ డబ్బా మూత తీయండి. నాకు నా బిడ్డను మొత్తంగా చూపించినవాడు మీకూ చూపిస్తాడు. దేవునికే మహిమ.