అలిసిపోయిన నీళ్ళు

మా చిన్న మావయ్య ముందు ఎవరైనా 'మురుగు' అన్నారంటే, అయిపోయినట్టే. ఆయన ఉద్యోగమేమో మున్సిపాలిటీ వారి మురుగునీటి శుద్ధి కేంద్రంలో. నగల కొట్టు పెట్టుకుని ఎవరూ బంగారం అనకూడదన్నట్టుండేది వ్యవహారం.

"మురుగేమిట్రా, మురుగు! అవి అలిసిపోయిన నీళ్ళు. పొద్దున్నే నీ మొహం కడిగి, నీ చొక్కా ఉతికి, మీ అమ్మ గిన్నెలు తోమి వచ్చాయి. అంత చాకిరీ చేస్తే నువ్వయితే మంచం దిగుతావా?" అనేవాడు నాతో.

బురద అడుక్కి దిగేదాకా నీళ్ళు నిలవుండే పెద్ద తొట్టి దగ్గర గట్టిగా మాట్లాడనిచ్చేవాడు కాదు. "నెమ్మది, పడుకున్నాయి" అనేవాడు.

ఒకసారి తనిఖీకి వచ్చిన ఇంజనీరుగారు "రోజుకి మురుగు ఎంత వస్తోందయ్యా?" అని అడిగారు. మావయ్య అటూ ఇటూ చూసి, "మురుగా? మన దగ్గరికా? రావట్లేదే!" అన్నాడు. పెద్ద పైపు ఎక్కడో పగిలిందనుకుని ఆయన ఊరంతా మనుషుల్ని పరిగెత్తించారు.

ఆయన ఉండే మా ఇంట్లోనూ ఇదే గోల. మా అమ్మ ఆయనకి సొంత అక్క కాబట్టి జంకేది కాదు.

"ఒరేయ్, సింకు కింద మురుగు పొంగుతోంది, చూడు!"

"ఏం పొంగుతోంది?"

"మురుగురా!"

"అలాంటిది మనింట్లో లేదక్కా" అని పేపరు తిప్పేవాడు. ఆవిడ పళ్ళు నూరుకుని, "అలిసిపోయిన నీళ్ళు పొంగుతున్నాయి నాయనా" అంటేగాని కుర్చీలోంచి లేచేవాడు కాదు.

ఆ కేంద్రంలోనే నీళ్ళు లోపలికి వచ్చే చోట, ఇనుప కమ్మీల దగ్గర ఒకావిడ పనిచేసేది. కమ్మీలకి తట్టుకున్న గుడ్డలూ కవర్లూ లాగి బయట పడెయ్యడం ఆవిడ పని. ఎక్కడ అద్దెకి దిగినా, ఆ పని సంగతి తెలియగానే ఇంటివాళ్ళు గది ఖాళీ చేయమనేవారు. ఒక వానాకాలంలో మళ్ళీ అదే జరిగింది. ఇంకెక్కడా గది దొరక్కపోతే ఉద్యోగం మానేసి ఊరే వదిలిపోతానంది. మా పెరటి గది ఖాళీగా ఉందని మావయ్య ఆవిణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏం పని చేస్తావమ్మా?" అడిగింది అమ్మ.

మావయ్య అందుకున్నాడు. "అలిసిపోయి వచ్చేవాటిని... అంటే, వచ్చేవాళ్ళని చూసుకుంటుందక్కా."

"నర్సా?"

"ఇంచుమించు."

"ఏ ఆస్పత్రి?"

మావయ్య నీళ్ళు నమిలాడు. ఇన్నేళ్ళూ నీళ్ళతోనే బతికినా, ఆయన వాటిని నమలడం మాత్రం నేను అప్పుడే చూశాను.

ఆవిడే నోరు విప్పింది. "నర్సునేం కాదండీ. మురుగునీళ్ళల్లో చెత్త తీస్తాను. సామాను దింపాక పొమ్మనేకంటే ఇప్పుడే చెప్పెయ్యండి."

మావయ్య గిలగిల్లాడిపోయాడు. "ఆ మాట ఎందుకమ్మా! నువ్వు బాధపడతావనే కదా ఇన్నేళ్ళూ ఒక్కర్నీ అననివ్వలేదు! అక్కడ నోరు జారుతుందేమోనని ఇంట్లో కూడా అలవాటు చేసుకున్నాను!"

ఆవిడ తెల్లబోయింది. "నాకు బాధేంటి సార్? మురుగుని మురుగనే అంటారు. ఆ మాట మీకే గిట్టదేమోనని నేనే మీ ముందు నోరు కట్టుకున్నాను. గదికి పోయాక హాయిగా అనుకునేదాన్ని!"

అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పమిట నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "సామాను తెచ్చుకో తల్లీ. ఎదుటి మనిషి నొచ్చుకుంటుందని వీడింత పిచ్చివేషం వేశాడంటే, వీడి అక్కనయి ఉండి నేను నిన్ను పొమ్మంటానా?" అంది.

మావయ్య మాత్రం ఉసూరుమంటూ కూర్చున్నాడు. "అయితే నా పాటంతా వృథాయేనా?"

"వృథా ఎందుకవుతుంది సార్? వినడానికి బాగుంటుంది. మానెయ్యకండి" అంది ఆవిడ.

ఆయన మానలేదు. గదిలోకి దిగిన నెల తిరక్కుండానే ఆవిడ కూడా అలాగే మాట్లాడటం మొదలుపెట్టింది. ఇప్పుడు మా అమ్మ ఇద్దరితో వేగుతోంది.