పుస్తకం చదివి ఏడ్చిన పెద్దమనిషి

పోయినేడాది రామచంద్రపురంలో నా స్నేహితురాలి పెళ్ళి రిసెప్షన్‌కి ఒక్కదాన్నే వెళ్ళాను. మా ఆయన సత్తిబాబు బోటు మీద సముద్రంలో వేటకి వెళ్ళారు. బోటు ఒడ్డుకి దగ్గరయ్యేదాకా ఫోను కలవదు.

అక్కడ పెళ్ళికొడుకు మేనమామగారు మనసులో మాట చదివేస్తానంటూ స్టేజీ ఎక్కారు. నన్ను పిలిచి, బాగా ఇష్టమైనవాళ్ళ పేరు చీటీ మీద రాసి మడవమన్నారు. రాశాను. ఆయన చీటీని నుదుటికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు. పెదాలు వణికాయి. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు కారాయి.

"సత్తిబాబు... అయ్యో, సత్తిబాబూ!" అన్నారు బొంగురు గొంతుతో.

హాలంతా చప్పట్లు. నాకు మాత్రం సముద్రంలో ఉన్న బోటు గుర్తొచ్చింది. "ఏమైందండీ మా ఆయనకి?" అని అడిగితే ఆ మహానుభావుడు పలకడే! పైకి చూస్తూ నిలబడ్డాడు. నేను స్టేజీ మీదే కూలబడి గొల్లుమన్నాను.

అప్పుడు వంగి నా చెవిలో, "ఏం లేదండీ, చీటీ మార్చి పేరు చూసేశాను, ఏడుపు యాక్టింగు. పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. మన బాధ ఏదైనా గుర్తు తెచ్చుకుంటే నిజం కన్నీళ్ళొస్తాయని రాశారు. మా టామీ చచ్చిపోవడం గుర్తు తెచ్చుకున్నాను" అన్నాడు.

"టామీ ఎవరండీ?"

"మా కుక్కండీ."

మనసులు చదువుతాడట! ఎదురుగా ప్రాణాలు పోతున్న మనిషి మొహం చదవలేనివాడు ఎన్ని పుస్తకాలు చదివితే ఏం లాభం?

మర్నాడు మా ఆయన క్షేమంగా ఒడ్డుకొచ్చారు. కానీ ఇప్పటికీ వేటకెళ్ళిన మనిషి ఫోను కలవకపోతే, దేవుడికంటే ముందు నాకు ఆ దిక్కుమాలిన కుక్కే గుర్తొస్తుంది.